ఉక్కు చువ్వల వర్తకం: కర్మాగారం నుంచి నేరుగా కొనడమా, డీలరు వద్ద నిర్ణీత ధరకు కొనడమా?

విశాఖపట్నంలో ఇనుము వర్తకం చేసేవారిని బయటి ఊళ్ళ వర్తకులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "కర్మాగారం మీ వాకిట్లోనే ఉన్నది గదా, నడుమ డీలరుతో మీకు పనేమిటి?" ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. గాజువాక బజారుకూ ఉక్కు కర్మాగారం గేటుకూ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. అయినా ఆ బజారులో చిల్లరగా అమ్ముడయ్యే చువ్వల్లో చాలా భాగం డీలర్ల చేతుల మీదుగానే వస్తున్నది. డీలర్లు లాభాలు దండుకుంటున్నారు కనుక ఇలా జరుగుతున్నదని కొందరూ, నేరుగా కొనే తాహతు చిన్న వర్తకులకు లేదు కనుక అని మరికొందరూ అంటారు. ఈ రెండు మాటలూ లెక్క వేయకుండా చెప్పేవే.

అనకాపల్లి బెల్లం బజారు ఎరిగినవారికి ఉక్కు వర్తకంలోని తేడా సులువుగా బోధపడుతుంది. బెల్లానికి సరకు ముందు వస్తుంది, ధర తరువాత తెగుతుంది. దిమ్మలు ఎదుట పెట్టుకుని, రంగు చూసి, పాట పాడి ధర నిర్ణయిస్తారు. ఉక్కుకు ధర ముందే కాగితం మీద ఉంటుంది, సరకు ఆ తరువాత వస్తుంది. ఆ కాగితం మీది అంకె ఎవరిది, దానిని ఎవరు తగ్గించవచ్చు, అది హఠాత్తుగా మారితే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అన్నదే ఈ పాఠంలోని అసలు విషయం.

కంట్రోలు నాటి సంగతి

ఉక్కు ధరను ప్రభుత్వం నిర్ణయించడం రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మొదలయింది. 1941లో ఒక కంట్రోలు ఉత్తర్వు వచ్చింది. స్వాతంత్ర్యానంతరం నిత్యావసర సరకుల చట్టం కింద 1956లో ఇనుము, ఉక్కు కంట్రోలు ఉత్తర్వు జారీ అయింది. కలకత్తాలో ఐరన్ అండ్ స్టీల్ కంట్రోలరు కూర్చుని, ఎవరికి ఎన్ని టన్నులో ఏ ధరకో చెప్పేవారు. కంట్రోల్డు స్టాకిస్టు, రిజిస్టర్డు స్టాకిస్టు అని వర్తకులకు తరగతులుండేవి, ఏ తరగతివారు ఏ ధరకు అమ్మాలో ప్రభుత్వమే నిర్ణయించేది. 1963లో రాజ్ కమిటీ ఇచ్చిన నివేదిక పర్యవసానంగా 1964లో అనేక రకాల ఉక్కు మీద చట్టబద్ధమైన కంట్రోలు తొలగి, జాయింట్ ప్లాంట్ కమిటీ ఏర్పడింది. ధరలు ప్రకటించే పని ఆ కమిటీ చేతికి వచ్చింది. జె.పి.సి. ధర అనే మాట వర్తకుల నోళ్ళలో నానినది అప్పటినుంచే.

నిర్ణీత ధర ఉన్నంత మాత్రాన బజారులో ఒకే ధర ఉండేదని ఎవరూ అనుకోనక్కరలేదు. సరకు కొరతగా ఉన్న రోజుల్లో జె.పి.సి. ధర ఒకటి, బజారు ధర మరొకటి. కోటా కాగితం చేతిలో ఉన్నవాడు ఒక్క చువ్వయినా చూడకుండానే ఆ కాగితాన్నే అమ్ముకునేవాడు. బిల్లు మీద ఒక అంకె, చేతికిచ్చే రొక్కం మరొక అంకె. సరకు సమృద్ధిగా వచ్చినపుడు ఇందుకు తలక్రిందులు: బజారు ధర జె.పి.సి. ధరకన్నా కిందికి జారేది, నిర్ణీత ధరకు సరకు ఎత్తిన స్టాకిస్టు గొల్లుమనేవాడు. నిర్ణీత ధర డీలరుకు మేలు చేసేది కొరతలోనే, కీడు చేసేది మందంలోనే. కంట్రోలు పోయి మూడు దశాబ్దాలు దాటినా ఈ సూత్రం మాత్రం పోలేదు.

రవాణా ఖర్చు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1956 నుంచి అమలయిన సమాన రవాణా పద్ధతిలో దేశంలో ఏ రైలు స్టేషనులో దింపుకున్నా ఉక్కు ధరలో చేరే రవాణా భాగం ఒకటే. భిలాయి గేటు పక్కనున్నవాడూ, వేయి మైళ్ళ దూరాన ఉన్నవాడూ సమానమే. అమెరికాలో ఇంతకన్నా విచిత్రమైన పద్ధతి ఒకటి నడిచింది. ఉక్కు ఎక్కడ తయారయినా పిట్స్‌బర్గ్ నుంచి వచ్చినట్లే రవాణా ఖర్చు కలిపి బిల్లు వేసేవారు. చికాగో కొనుగోలుదారు తన ఊరి పక్క మిల్లులో సరకు ఎత్తుకుని కూడా, నడవని రైలుకు కిరాయి చెల్లించేవాడు. 1924లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఉత్తర్వుతో ఆ పద్ధతి ఆగింది.

విశాఖ అదృష్టమో ఏమో గాని, ఇక్కడ కర్మాగారం సరకు బజారుకు వచ్చే వేళకు ఆ గొడవ తీరిపోయింది. 1971 జనవరి 20న శ్రీమతి ఇందిరాగాంధీ పునాదిరాయి వేసిన కర్మాగారానికి 1982 ఫిబ్రవరిలో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అనే సంస్థ ఏర్పడింది. గోదావరి అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1990లో వెలిగింది. 1992 ఆగస్టు 1న ప్రధాని శ్రీ పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అంతకు ఆరున్నర నెలల ముందే, 1992 జనవరి 16న, కేంద్రం ఉక్కు ధరల మీదా పంపిణీ మీదా కంట్రోలు ఎత్తివేసింది. సమాన రవాణా పద్ధతి కూడా ఆ సంవత్సరమే పోయింది. అందుచేత ఈ కర్మాగారం దాదాపు మొదటినుంచీ తన సరకును తానే అమ్ముకోవలసి వచ్చింది, దగ్గర ఉన్న కొనుగోలుదారుకు దగ్గరదనం అక్కరకు వచ్చింది.

నేరుగా అంటే ఏమిటి

ప్రధాన ఉత్పత్తిదారులు సరకు అమ్మే దారులు అనేకం. రైల్వేలు, విద్యుత్ సంస్థలు, పెద్ద కాంట్రాక్టర్లు సంవత్సరానికి ఇన్ని టన్నులు ఎత్తుతామని ముందే ఒడంబడిక రాసుకుని, ఆ పరిమాణాన్ని బట్టి ముదరా పొందుతారు. రెండవది, బ్రాంచి కార్యాలయం ద్వారా స్టాకుయార్డులో డబ్బు కట్టి సరకు ఎత్తుకోవడం. మూడవది డీలర్లు. మిగిలిపోయిన, నాణ్యత తగ్గిన సరకును ఆన్‌లైను వేలంలో పెట్టడం మరొకటి. ఎగుమతి వేరే సంగతి.

చిన్న వర్తకుడు "నేరుగా" అన్నపుడు అతని మనసులో ఉండేది రెండవ దారి, అతను చూపించే ధర మాత్రం మొదటి దారిది. పొరపాటు ఇక్కడే జరుగుతున్నది. పెద్ద కాంట్రాక్టరుకు సంవత్సరాంతాన క్రెడిట్ నోటు ద్వారా వచ్చే ముదరాను ఇవాళ్టి ధరలోనుంచి తీసివేసి, "కంపెనీ వాళ్ళకు ఇంతకే ఇస్తున్నది, డీలరు మనకు ఇంత వేస్తున్నాడు" అని పోల్చుకుంటే లెక్క తప్పక తప్పుతుంది.

ఒక లెక్క

అనకాపల్లి వర్తకుడు ఒకరున్నారనుకొందాం. ఆయన నెలకు 25 టన్నుల చువ్వలు అమ్మగలరు. ఇక్కడ వేసే ధరలు లెక్క తెలియడానికి వేసుకున్న గుండు అంకెలే గాని ఏ రోజు బజారు ధరలూ కావు. స్టాకుయార్డు ధర టన్నుకు రూ. 50,000. ఒకేసారి 100 టన్నులు ఎత్తితే టన్నుకు రూ. 800 ముదరా. గాజువాక డీలరు అనకాపల్లికి చేరవేసి ఇచ్చే ధర రూ. 51,200, మూడు వారాలు అరువు.

పైకి చూస్తే నేరుగా కొంటే రూ. 49,200, డీలరు వద్ద రూ. 51,200. టన్నుకు రెండు వేల తేడా. వంద టన్నుల మీద రెండు లక్షలు! ఎవరికైనా నోరూరుతుంది.

ఇపుడు పట్టీ వేద్దాం. లారీ కిరాయి టన్నుకు రూ. 400, ఎగుమతి దిగుమతి హమాలీ రూ. 200. దుకాణానికి చేరేసరికి రూ. 49,800 అయింది. నెలకు 25 టన్నులు అమ్మేవారు 100 టన్నులు అమ్మడానికి నాలుగు నెలలు కావాలి. సగటున ప్రతి టన్నూ రెండు నెలలు దుకాణంలో పడుకుంటుంది. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ చొప్పున రూ. 49,200 మీద రెండు నెలలకు రూ. 1,476. ఇంతటితో అయిపోలేదు. ఉక్కు మీద జి.ఎస్.టి. 18 శాతం, అంటే రూ. 8,856 కూడా ముందే చెల్లించాలి. అది అమ్మకం మీద సర్దుబాటు అయ్యే మాట నిజమే గాని, అమ్మేవరకు ఆ డబ్బు కూడా ఇరుక్కుని ఉంటుంది. దానిమీద వడ్డీ రూ. 266. మొత్తం రూ. 51,542. డీలరు ధరకన్నా రూ. 342 ఎక్కువ.

డీలరు వద్ద నెలనెలా 25 టన్నులు తెచ్చుకుంటే సరకు సగటున పదిహేను రోజుల్లో వెళ్ళిపోతుంది, డబ్బు కట్టవలసింది ఇరవయ్యొకటవ రోజున. వడ్డీ లేదు. అంటే, రెండు వేలు తక్కువ అని కనిపించిన ధర చివరకు మూడు వందల పైచిలుకు ఎక్కువయింది.

అదే వర్తకుడు ఆ 100 టన్నులూ ఒక్క నెలలో అమ్మగలిగితే? సగటున అర్ధ మాసమే సరకు నిలుస్తుంది. సరకు మీద వడ్డీ రూ. 369, పన్ను మీద రూ. 66. మొత్తం రూ. 50,235. డీలరు ధరకన్నా టన్నుకు రూ. 965 తక్కువ. ఒకే బజారు, ఒకే ధర, ఒకే చువ్వ. మారినది అమ్మకం వేగం ఒక్కటే. పై అంకెలతో సరిసమానమయ్యే చోటు నెలకు సుమారు 31 టన్నుల అమ్మకం. అంతకు తక్కువ అమ్మేవారికి నేరుగా కొనడం వేడుకే గాని వర్తకం కాదు.

ఎవరి వడ్డీ వారిది. బ్యాంకు క్యాష్ క్రెడిట్ ఉన్నవారికి వడ్డీ తక్కువ పడుతుంది, సరిసమాన స్థానం ఇంకా కిందికి దిగుతుంది. సొంత డబ్బే గదా, వడ్డీ ఎందుకు వేయాలి అనేవారు కూడా ఉంటారు. ఆ డబ్బు మరొకరికి అప్పిచ్చి ఉంటే వడ్డీ వసూలు చేసేవారే!

ధర పడితే?

ఈ లెక్కలో ధర నిలకడగా ఉంటుందని అనుకున్నాము. ఉక్కు ధర నిలకడగా ఉన్నది కంట్రోలు రోజుల్లో మాత్రమే. నెలకు 40 టన్నులు అమ్మే వర్తకుడు పై లెక్క ప్రకారం నేరుగా కొని టన్నుకు సుమారు రూ. 311, వంద టన్నుల మీద రూ. 31,100 మిగుల్చుకుంటాడు. మొదటి నెలాఖరుకు 60 టన్నులు మిగిలి ఉండగా కంపెనీ ధర టన్నుకు రెండు వేలు తగ్గించిందనుకొందాం. రూ. 1,20,000 నష్టం. నాలుగు సరకుల్లో సంపాదించినది ఒక్క సరకులో పోయింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఇటువంటివారి గురించే పుట్టి ఉంటుంది.

ఇది ఊహాగానం కాదు. 2022 మే 21న కేంద్రం అనేక ఉక్కు సరకుల మీద 15 శాతం ఎగుమతి సుంకం విధించినట్లు ప్రకటించింది. ఎగుమతి కావలసిన సరకు దేశంలోనే తిరగడంతో ధరలు దిగివచ్చాయి. సుంకాన్ని 2022 నవంబరు 19న తొలగించారు. ఆ ఆరు నెలలూ మే నెల మొదట్లో నిండా సరకు ఎత్తినవారికి కంటిమీద కునుకు లేదు. ధర పెరిగే రోజుల్లో ఇదే నిలువ లాభం తెచ్చిపెడుతుంది, నిజమే. అది అదృష్టం వల్ల వచ్చిన లాభం. దానిని నేరుగా కొన్నందువల్ల వచ్చిన లాభంగా ఖాతాలో రాసుకోరాదు.

అందువల్ల డీలరుతో గాని కంపెనీతో గాని ఒప్పందం చేసుకునేవారు ముందుగా అడగవలసినది ధర తగ్గింపు రక్షణ గురించి. ధర తగ్గించిన రోజున డీలరు వద్ద నిలువ ఉన్న సరకుకు కంపెనీ తేడా చెల్లిస్తుందా? చెల్లిస్తే ఎన్ని రోజుల లోపు ఎత్తిన సరకుకు? నిలువ లెక్క ఎవరు తీస్తారు? నోటి మాటగా "చూద్దాం లెండి" అన్నదానికి విలువ లేదు.

పెట్రోలు బంకుల అనుభవం

నిర్ణీత ధరకు అమ్మే డీలరు కష్టం చూడాలంటే విశాఖ వర్తకులు దూరం పోనవసరం లేదు. 1957లో కాల్టెక్స్ వారు నిర్మించి, తరువాత హిందుస్థాన్ పెట్రోలియం కిందికి వచ్చిన రిఫైనరీ ఈ ఊళ్ళోనే ఉన్నది. పెట్రోలు, డీజిలు ధరలను రోజుకొకసారి మార్చే పద్ధతిని 2017 మే 1న అయిదు పట్టణాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. వాటిలో విశాఖపట్నం ఒకటి. పుదుచ్చేరి, ఉదయపూర్, జంషెడ్‌పూర్, చండీగఢ్ మిగిలినవి. 2017 జూన్ 16 నుంచి అది దేశమంతటా వచ్చింది. బంకు యజమానికి ధర నిర్ణయించే హక్కు లేదు, కమీషను కట్టుదిట్టం. అయినా టాంకులోని సరకు ఆయన డబ్బు పెట్టి కొన్నదే. ధర తగ్గితే ఆ రాత్రే నష్టం. అంతవరకు పక్షానికొకసారి ఎదుర్కొన్న ఒడిదుడుకును ప్రతి రోజూ లెక్క చూసుకోవలసి వచ్చింది. ఎక్కువ నిలువ పెట్టడం మానుకోవడమే వారికి దొరికిన మందు.

అదే డీజిలు మరొక పాఠం కూడా చెప్పింది. టోకున నేరుగా కొనేవాడికి ఎప్పుడూ తక్కువ ధరే పడుతుందన్న నమ్మకాన్ని అది చెరిపివేసింది. 2013 జనవరిలో టోకు వినియోగదారులకు రాయితీ తీసివేయడంతో, నేరుగా కంపెనీ నుంచి కొనే సంస్థలకు లీటరుకు సుమారు పది రూపాయలు ఎక్కువ పడింది. 2022 మార్చిలో ముంబయి వంటి చోట్ల ఆ తేడా దాదాపు 25 రూపాయలకు పోయింది. సొంత పంపులున్న ఆర్.టి.సి.లు, తెలుగు రాష్ట్రాలవి సహా, బస్సులను బయటి బంకులకు పంపి నూనె పోయించాయి! వేల బస్సులున్న సంస్థకు దొరకని ధర రోడ్డు పక్క ద్విచక్ర వాహనదారుకు దొరికింది. ఇది ప్రభుత్వ విధానం వల్ల వచ్చిన తలక్రిందులు. ఉక్కులో అంత తేడా ఉండదు గాని, నెలాఖరున లక్ష్యం పూర్తిచేయవలసిన డీలరు తన ముదరాలో భాగం వదులుకుని స్టాకుయార్డు ధరకన్నా తక్కువకు సరకు వదిలే సందర్భాలు లేకపోలేదు. ఆ వారం రోజులు కనిపెట్టుకుని ఉండే దళారులూ ఉన్నారు.

ధర కట్టడి ఎవరికి చెల్లుతుంది

ఇక చట్టం సంగతి. ఏజెంటు వేరు, డీలరు వేరు. బజారులో రెండు మాటలూ ఒకే అర్థంలో వాడుతున్నందువల్ల తగాదాలు వస్తున్నాయి. కన్‌సైన్‌మెంటు ఏజెంటు యార్డులో ఉన్న సరకు కంపెనీదే. బిల్లు కంపెనీదే, ధర పడితే నష్టమూ కంపెనీదే. ఏజెంటుకు వచ్చేది కమీషను, చేతికూలి. అటువంటి చోట ధర ఇంత అని కంపెనీ శాసించడంలో తప్పులేదు, తన సరకును తాను అమ్ముకుంటున్నది. డీలరు అలా కాదు. ఆయన డబ్బు కట్టి కొన్నాడు. సరకు ఆయన సొంతం, ఒడిదుడుకులూ ఆయనవే. ఇంతకు తక్కువకు అమ్మరాదని ఆయనను కట్టివేయడానికి చట్టం సులభంగా ఒప్పుకోదు.

1969 నాటి గుత్తాధిపత్య, వాణిజ్య నిర్బంధ పద్ధతుల చట్టం 39వ సెక్షను, టోకు వర్తకుడు గాని చిల్లర వర్తకుడు గాని తిరిగి అమ్మే కనీస ధరను నిర్ణయించే షరతు చెల్లదని చెప్పింది. ఆ చట్టం 2009లో రద్దయి, దాని స్థానంలో 2002 నాటి కాంపిటీషన్ చట్టం అమలులోకి వచ్చింది. కొత్త చట్టం కొంత మెత్తన. షరతు పెట్టినంత మాత్రాన తప్పు కాదు, బజారులో పోటీకి గణనీయమైన హాని కలిగితేనే తప్పు. అంతకన్నా తక్కువకు అమ్ముకోవచ్చునని స్పష్టంగా చెప్పి ప్రకటించే ధర ఈ కట్టడి కిందికి రాదు. గరిష్ఠ ధర, సిఫారసు ధర అని కంపెనీలు పేరు పెట్టేది ఇందుకే.

కార్ల వర్తకంలో ఈ చట్టం కింద రెండు పెద్ద వ్యవహారాలు నడిచాయి. డీలర్లు ఇచ్చే డిస్కౌంటుకు హద్దు పెట్టిందన్న కారణం మీద హ్యుందాయ్ మీద 2017 జూన్‌లో కాంపిటీషన్ కమిషన్ 87 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2018లో అప్పీలు ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 2021 ఆగస్టు 23న అటువంటి ఆరోపణ మీదనే మారుతి సుజుకికి 200 కోట్ల జరిమానా పడింది. కంపెనీ అప్పీలుకు పోయింది. ఇనుము వర్తకులు వీటినుంచి గ్రహించవలసినది జరిమానా మొత్తం కాదు. డీలరు కంపెనీ జాబితా ధరకు తక్కువగా అమ్మినపుడు సరకు ఆపివేస్తామని ఎవరైనా బెదిరిస్తే, ఆ బెదిరింపు ఉత్తరం రూపంలో ఉన్నదా లేదా అన్నది ముఖ్యం. ఫోనులో వచ్చిన మాటకు సాక్ష్యం ఉండదు.

తూకమా, లెక్కా?

ధర పోల్చేటపుడు చాలామంది మరచిపోయే విషయం మరొకటున్నది. స్టాకుయార్డులో చువ్వలు కాటా మీద తూకానికి ఇస్తారు. చిల్లర దుకాణాల్లో అనేక చోట్ల చువ్వ ఒక్కింటికి ఇంత అని లెక్కకు అమ్ముతారు. ఐ.ఎస్. 1786 ప్రకారం 12 మి.మీ. చువ్వ మీటరుకు 0.888 కిలోలు. 12 మీటర్ల చువ్వ 10.66 కిలోలు. ఈ సైజుకు ఆ ప్రమాణంలోనే అయిదు శాతం అటూ ఇటూ అనుమతి ఉన్నది. (8, 10 మి.మీ. చువ్వలకు ఏడు శాతం, 16 మి.మీ. దాటినవాటికి మూడు శాతం.) అంటే ప్రమాణానికి లోబడే చువ్వ 10.13 కిలోలే తూగవచ్చు. సరిగ్గా తూగే చువ్వలు టన్నుకు దాదాపు 94 వస్తే, తేలిక చువ్వలు దాదాపు 99 వస్తాయి.

తూకానికి కొని లెక్కకు అమ్మేవానికి తేలిక చువ్వ అయిదు చువ్వల లాభం. టన్ను రూ. 51,200 అయితే సరి తూకపు చువ్వ దాదాపు రూ. 546 పడుతుంది. అయిదు చువ్వలంటే రూ. 2,700 పైచిలుకు. ఎక్కడ కొనాలి అని ఎనిమిది వందల ముదరా కోసం తర్జనభర్జన పడే వర్తకుడు, తాను ఎంత తూకం చువ్వ తెస్తున్నాడో చూసుకోకపోవడం వింతగానే ఉంటుంది. లెక్కకు కొనే గృహస్థుకు ఇదే నష్టమని వేరుగా చెప్పనక్కరలేదు. ఒక కంపెనీ టన్ను ధర తక్కువ, మరొకదాని ధర ఎక్కువ అని తేల్చేముందు రెండింటివీ పది చువ్వలు కాటా వేసి చూస్తే సందేహం తీరుతుంది.

సైజుల సంగతి మరీ ముఖ్యం. రోలింగ్ మిల్లులో ఒక సైజు తరువాత మరొక సైజు వంతులవారీగా చుడతారు. కర్మాగారం నుంచి నేరుగా ఎత్తేవానికి ఆ వారం ఏది చుడితే అదే దొరుకుతుంది. ఇల్లు కట్టేవానికి రింగులకు 8, స్లాబుకు 10, 12, స్తంభాలకు 16 కావాలి. 8 మి.మీ. చువ్వకు ధర కూడా వేరుగా కొంత ఎక్కువ ఉంటుంది. వంద టన్నులూ 16 మి.మీ. చువ్వలే తెచ్చి పేర్చుకున్న వర్తకుడు చివరకు 8 కోసం డీలరు దగ్గరికే పోతాడు. డీలరు టన్నుకు వేసుకునే వెయ్యి, పన్నెండు వందల్లో పెద్ద భాగం ఈ కలగలుపు సరకు నిలువ పెట్టినందుకు వచ్చే కూలి.

డీలరు పక్షాన

ఇంతవరకు కొనేవాని వైపు నుంచి చూశాము. డీలరుగా చేరదలచినవారు గమనించవలసినది వేరు. పెట్టుబడి, బ్యాంకు గ్యారంటీ, గోదాము, నెలవారీ ఎత్తుబడి లక్ష్యం ఇవన్నీ ఒప్పందంలో స్పష్టంగానే ఉంటాయి. స్పష్టంగా లేనిది ఒకటే: డీలరు ఊళ్ళో కంపెనీ తానే నేరుగా అమ్ముకుంటే ఏమి కావాలి?

విశాఖ వంటి కట్టడాలు జోరుగా సాగే ఊళ్ళో ఈ ప్రశ్న ప్రతి నెలా వస్తుంది. పెద్ద అపార్టుమెంటుల బిల్డరు ఏడాది ఒడంబడిక మీద నేరుగా ముదరా ధరకు సరకు ఎత్తుతాడు. అందులో తప్పేమీ లేదు. ఆ ముదరా పరిమాణాన్ని బట్టి వచ్చేది కనుక, సంవత్సరాంతాన లక్ష్యం తక్కువ పడినపుడు తనకు అక్కరలేని సరకు కూడా ఎత్తి, మిగులును స్థానిక బజారులో వదులుతాడు. ఆ ధర డీలరుకు పడిన ధరకన్నా తక్కువ. డీలరు తన నిర్ణీత ధరకు కట్టుబడి కూర్చుంటే సరకు కదలదు, తగ్గిస్తే ముదరా మిగలదు. రాయపూర్ నుంచి వచ్చే చిన్న మిల్లుల చువ్వలతో పోటీ పడడం ఒక ఎత్తు, తన కంపెనీ సరకుతోనే పోటీ పడడం మరొక ఎత్తు.

దీనికి పూర్తి నివారణ ఎవరూ కనిపెట్టలేదు. కొందరు డీలర్లు ఒప్పందంలో రెండు వాక్యాలు చేర్పించుకోగలిగితే నష్టం తగ్గుతుంది. ఒకటి, ఒడంబడిక సరకును తిరిగి అమ్మినట్లు రుజువయితే ఆ కొనుగోలుదారుకు ముదరా నిలిపివేయాలి. కట్టకు కట్టిన బిళ్ళ మీద ఉండే హీటు నంబరును బట్టి సరకు ఎవరి పేర ఎత్తారో కంపెనీ తెలుసుకోగలదు కనుక ఆ బిళ్ళలను డీలరు భద్రపరచుకోవాలి. రెండవది, తన ప్రాంతంలో నేరుగా అమ్మిన టన్నులను డీలరు లక్ష్యంలోనుంచి తగ్గించాలి. మొదటి వాక్యానికి కంపెనీలు సాధారణంగా అడ్డు చెప్పవు. రెండవదాని మీద బేరం సాగుతుంది. ఆ బేరం సంతకానికి ముందే, బ్యాంకు గ్యారంటీ కాగితం ఇంకా డీలరు చేతిలో ఉండగానే సాగాలి.